దొరికిన చోటు: మ్యూజియం గోదాం డైరీ

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న చరిత్ర మ్యూజియంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. పేరు చెప్పను. చెబితే కింద రాసినదాంట్లో సగం కొట్టేసుకోవాల్సి వస్తుంది. ముందు రెండు హాళ్లు, వెనక ఒక గోదాం, ఆవరణలో వేపచెట్ల కింద వరుసగా నిలబెట్టిన రాళ్లు. అంతే మా సామ్రాజ్యం. గోదాంలో ఉన్న ప్రతి వస్తువునీ తీసి, కొలిచి, ఫొటో తీసి, కొత్త జాబితాలో ఎక్కించడం నా పని. ఆరు నెలల్లో అయిపోతుందని ఒప్పుకున్నాను. ఆరు నెలలైంది, పని సగం దాటింది.

జూన్, మొదటి వారం

వస్తువుల కంటే ముందు రిజిస్టర్ పట్టుకున్నాను. అట్ట ఊడిపోతే ఎవరో బట్ట వేసి కుట్టిన పెద్ద పుస్తకం. అడ్డంగా ఎనిమిది గళ్లు: నంబరు, వచ్చిన తేదీ, వస్తువు, కొలతలు, రాయా లోహమా, ఎవరి ద్వారా, దొరికిన చోటు, రిమార్కులు. మొదటి ఆరూ ఎంతో కొంత నిండి ఉన్నాయి. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి రాసేవాళ్ల చెయ్యి ఆగిపోయింది. మొదటి 200 పద్దుల్లో 130 దాకా ఆ గడి ఖాళీగా ఉంది, లేదంటే 'కరీంనగర్ జిల్లా' అని ఉంది. కొన్నింట్లో 'సదరు' అని ఉంది. పై వరుస చూస్తే అక్కడా సదరే. అలా నాలుగు పేజీలు వెనక్కి వెళ్లినా సదరే.

కరీంనగర్ జిల్లా అని రాస్తే ఇప్పుడు ఏ జిల్లా అనుకోవాలి? 2016 అక్టోబర్ 11 తర్వాత పాత జిల్లా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్లగా విడిపోయింది. కొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిశాయి. అంతకుముందు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కాబట్టి 'సుల్తానాబాద్ తాలూకా' అని రాసి ఉన్న పద్దుకి మూడు మెట్లు దిగాలి. అప్పటి ఏ ఊరు, ఆ ఊరు తర్వాత ఏ మండలం, ఆ మండలం ఇప్పుడు ఏ జిల్లా. పాత తాలూకా పటం ఒకటి సంపాదించి గోడకి అంటించాను. మా అటెండర్ అన్న చూసి, "ఏం మేడం, భూముల కేసు ఏమన్న ఉన్నదా?" అన్నాడు.

జూన్, మూడో వారం

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ డైరీ అన్నాక రాయాలి.

రాగి నాణేలు బ్రౌన్ కాగితం కవర్లలో ఉండేవి. చుట్టిన రబ్బరు బ్యాండ్లు ఎండలకి కరిగి కాగితానికి బంకలా అంటుకుపోయాయి. రెండు రోజులు కూర్చుని నాణేలన్నీ కొత్త జిప్ కవర్లలోకి మార్చి, పాతవి చెత్తబుట్టలో వేశాను. సాయంత్రం ఊడ్చే అక్క ఒక కవరు పట్టుకొచ్చి, "మేడం, వీటి లోపట ఏందో రాసున్నది, పారెయ్యాల్నా?" అంది.

మూత మడత లోపల పెన్సిల్‌తో సన్నటి రాత: 'చెరువు కట్ట మట్టి తీయగా, 14.' ఇంకోదాని మీద ఒక ఊరి పేరు. ఇంకోదాని మీద 'పత్తి చేను, నాగలికి'. రిజిస్టర్లో లేని ఏడో గడి అంతా ఆ మడతల్లో ఉంది. నేను దాన్ని చెత్తబుట్టలో పోశాను.

రాత్రి 8 దాకా బుట్ట బోర్లించి కూర్చున్నాను. మొత్తం 60 కవర్లు. ఏ నాణేలు ఏ కవర్లోవో తెలుసుకోవడానికి ఒక్కటే దారి కనిపించింది. ఏళ్ల తరబడి ఒకేచోట ఉండటం వల్ల రాగి చిలుము కాగితం మీద పచ్చటి గుండ్రని మరకలు వదిలింది. మరకల లెక్క, వాటి సైజు, నాణేల లెక్క, వాటి సైజు సరిపోల్చుకుంటూ 41 కవర్లు కుదిర్చాను. మిగిలిన 19 కుదరలేదు. ఆ 19 నా ఖాతాలో రాసుకున్నాను. ఊడ్చే అక్క అడక్కపోతే మొత్తం 60 నా ఖాతాలోనే పడేవి.

అప్పటినుంచి గోదాంలో ఏ కాగితం ముక్కనీ, సుతిలి తాడునీ కూడా నెల దాకా పారేయడం లేదు.

జూలై, రెండో వారం

వానలు మొదలయ్యాయి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మూడు రోజులకే నీలం నుంచి గులాబీకి తిరుగుతున్నాయి. స్టవ్ మీద బాణలిలో సన్నమంట పెట్టి వేయిస్తే మళ్లీ నీలం వస్తుంది. మా పంట్రీలో పోపు పెట్టినట్టు వేయిస్తున్నాను.

ఈ వారం పని శాతవాహనుల సీసం నాణేలు. ఒక వైపు తొండం ఎత్తిన ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే అడ్డంగా నిలువుగా కలిపిన గీతల నాలుగు కొసలా నాలుగు వృత్తాలు. చెక్క బీరువా సొరుగులో ఉంచినవి తీసి చూస్తే సగానికి పైగా నాణేల మీద తెల్లటి పొడి. విభూతి చల్లినట్టుంది. కొన్నిటి మీద ఏనుగు ఉందని నమ్మకంతో చెప్పాలి తప్ప చూసి చెప్పలేం.

తప్పు బీరువాది. చెక్క నుంచి, ముఖ్యంగా ప్లైవుడ్ నుంచి, సన్నగా ఆమ్లపు ఆవిరి వస్తూనే ఉంటుంది. మనకి వాసన కూడా తెలియదు. సీసానికి అదే చాలు, నెమ్మదిగా తెల్లటి పొడిగా మారిపోతుంది. వానాకాలపు తేమ తోడైతే ఇంకా తొందరగా. మంచి టేకు బీరువా కదా అని ఎవరో ప్రేమతోనే పెట్టి ఉంటారు. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన సీసం మా బీరువాలో కొన్ని దశాబ్దాలు కూడా నిలవలేదు.

ఆ పొడి విషం. గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టుకోకూడదు, ఊదకూడదు, తుడవకూడదు. ముందు అక్కడినుంచి తప్పించడమే వైద్యం. బజారుకెళ్లి ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాను. ప్రతి డబ్బానీ తిరగేసి అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూశాను. 5 ఉంటే పాలీప్రొపిలీన్, పనికొస్తుంది. 3 ఉంటే పీవీసీ, అది కూడా ఆమ్లం వదిలే రకమే. కొట్టాయన కాసేపు చూసి, "మేడం, పచ్చడికే కదా, ఏదైనా ఒకటే" అన్నాడు. నాణేలకి అని చెబితే ఇంకా అనుమానంగా చూశాడు.

బయటి నుంచి వచ్చే నాణేలతో ఇంకో గొడవ ఉంది. ఇచ్చేవాళ్లు గౌరవంగా చింతపండుతో తోమి మెరిపించి తెస్తారు. ఇత్తడి చెంబు తోమినట్టే. పైపొరతో పాటు అక్షరాలు కూడా పోతాయని ఎలా చెప్పాలి? తెచ్చినాయన మొహంలో ఆ వెలుగు చూస్తే నోరు రాదు. గేటు దగ్గర ఒక బోర్డు రాయించాను: 'పాత వస్తువు దొరికితే కడగకండి, తోమకండి, దొరికిన చోటు గుర్తుపెట్టుకోండి.' ఇంతవరకూ దాన్ని చదివి వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

జూలై, ఆఖరు

ఏడో గడి గురించి ఎందుకింత పట్టుదల అని మా పెద్దసారు అడిగారు. "వస్తువు ఉంది కదమ్మా, ముందు దాన్ని ఎక్కించు" అన్నారు. ఆయన చెప్పిందీ న్యాయమే, లెక్క చూపించాల్సింది ఆయన.

నేను కోటిలింగాల సంగతి చెప్పాను. గోదావరి ఒడ్డున, పెద్దవాగు వచ్చి కలిసే చోటున్న ఊరు. అక్కడి దిబ్బల మీద దొరికే నాణేలు ఏరి, శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారికి చేర్చిన మనిషి సంగనభట్ల నరహరి శర్మ గారు. గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప లాంటి పాలకుల పేర్లు ఆ నాణేల మీదే బయటపడ్డాయి. చిముక సాతవాహన అన్న పేరూ అక్కడిదే. ఆ పేరూ, మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనంలో ఉన్న తొలి శాతవాహన రాజు సిముక పేరూ ఒకరిదే అన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా, శాతవాహనుల మొదలు ఎక్కడ అన్న చర్చలోకి తెలంగాణ గట్టిగా వచ్చి కూర్చుంది ఆ నాణేలతోనే. అవే నాణేలు ఊరు పేరు లేకుండా ఒక వ్యాపారి సంచిలోంచి వచ్చి ఉంటే? పేరు చదివేవాళ్లం. ఎక్కడి పేరో తెలిసేది కాదు. ఇప్పుడు ఆ దిబ్బల్లో కొంత భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది, మళ్లీ వెళ్లి చూసుకుందామన్నా కుదరదు.

సారు విని, "సరే, కానీ నెలకి 100 పద్దులు మాత్రం తగ్గొద్దు" అన్నారు.

ఆగస్టు

ఒక బీరువా వెనక నుంచి ఉర్దూ జాబితా దొరికింది. నిజాం కాలంలో తహసీల్ కచేరీలో దాచిన వస్తువులది. తారీఖులు ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరాల్లో ఉన్నాయి, 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940-41. నాకు ఉర్దూ రాదు. పక్క వీధిలో ఉండే రిటైర్డ్ ఉర్దూ మాస్టారు రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి గంటసేపు చదివి పెడుతున్నారు. చాయ్ తప్ప ఏమీ తీసుకోరు.

గుమాస్తా చేతిరాత గొలుసుకట్టు, చుక్కలన్నీ వదిలేశాడు. ఉర్దూలో చుక్కలు వదిలేస్తే మాట మొదట్లో, మధ్యలో వచ్చే బ, ప, త, న అన్నీ ఒకటే పన్ను గీత. "చూడమ్మా," అన్నారు మాస్టారు, "పోతారం అని చదివితే పోతారం, బోనారం అని చదివితే బోనారం. రాసినోడికి తెలుసు, వాడు పోయిండు." ఒక ఊరి పేరు మీద మేం మూడు రోజులు కూర్చున్నాం. తేలలేదు. జాబితాలో రెండు పేర్లూ రాసి మధ్యలో 'లేదా' పెట్టాను. కంప్యూటర్ ప్రోగ్రాం ఆ గడిలో రెండు ఊళ్లు తీసుకోదట. ఎర్రగీత చూపిస్తుంది. చూపించనీ.

గడులు ఖాళీగా ఉండటానికి బద్ధకం ఒక్కటే కారణం అనుకున్నాను ఇన్నాళ్లూ. మాస్టారే ఇంకో సంగతి గుర్తుచేశారు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ నడుస్తోంది. భూమిలో పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలి. చెబితే పోలీసులొస్తారు, పొలం చుట్టూ తాడు కడతారు, నాట్లు ఆగిపోతాయి అని రైతు భయం. దాంతో దొరికినదాన్ని దాచేస్తాడు, లేదంటే ఇస్తూనే "తొవ్వల దొరికింది" అంటాడు. మా రిజిస్టర్లో దారిలో దొరికినవి 23 ఉన్నాయి. ఈ జిల్లాలో దారుల మీద ఇంత చరిత్ర పారేసుకుని తిరిగారంటే నమ్మబుద్ధి కాదు.

సెప్టెంబర్, మొదటి వారం

నంబర్లు వేసే పని. ఇదివరకు తెల్ల పెయింటు పూసి ఎర్రరంగుతో రాశారు, కొన్నిటికి గోళ్లరంగు. పెచ్చులూడి నంబర్లు పోయాయి. ఇప్పుడు అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన రెసిన్ ఒక పూత, దాని మీద సిరాతో నంబరు, మీద మళ్లీ ఒక పూత. కావాలంటే అసిటోన్‌తోనే తీసేయొచ్చు. మన ఎండకి కుంచె సీసాలోంచి రాయి మీదకి వచ్చేలోపే ఆరిపోయి బుడగలు వస్తున్నాయి, పొద్దున 10 లోపే ఈ పని ముగించాలి. రోజుకి 20 కంటే కావడం లేదు.

సెప్టెంబర్, మూడో వారం

బడిపిల్లలు వచ్చారు. ఆవరణలో ఉన్న వీరగల్లు దగ్గర ఆపి చెబుతున్నాను. కింద అంతస్తులో కత్తి పట్టి పోరాడుతున్న వీరుడు, అతని వెనక ఆవులు. మధ్యలో అతన్ని రెండు వైపులా పట్టుకుని పైకి తీసుకెళ్తున్న అప్సరసలు. పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు, శిఖరాన సూర్యచంద్రులు. ఆవులమందని దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాడి గుర్తు.

"మేడం, వీరగల్లు అంటే?"

"వీర, కల్లు. కల్లు అంటే..."

ఇంకేం, 40 మంది పకపకా నవ్వారు. కల్లు అంటే రాయి కూడా అని, ఊళ్ల పేర్ల చివర వచ్చే కల్లు అదేనని అరిచి చెప్పేలోపు వెనక వరుస ఈతచెట్టు దాకా వెళ్లిపోయింది. ఆ గోలలోనే ఒక అమ్మాయి అడిగింది: "ఏ ఊరాయన మేడం?"

రాయి పక్కన లేబులు ఉంది: 'వీరగల్లు. నల్లరాయి. మధ్యయుగం.' లోపల రిజిస్టర్లో 'ఎవరి ద్వారా' అన్న గడిలో పోలీసు శాఖ అని ఉంది. దొరికిన చోటు దగ్గర చిన్న అడ్డగీత. తెలియదమ్మా అన్నాను. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు, రాయి వైపు మాత్రం కాసేపు అలాగే చూసింది.

అక్టోబర్, బతుకమ్మ అయిన వారం

కళ్ల ఆసుపత్రికి వచ్చిన ఒక అవ్వని మనవడు మ్యూజియం చూపిస్తానని తీసుకొచ్చాడు. టికెట్ దగ్గర ఉండగానే ఆవిడ ఆవరణలోకి నడిచింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. వీరగల్లు ముందు ఆగింది. చెప్పులు విప్పింది.

"గీయన ఈడెందుకున్నడు?"

నేను బయటికి పరుగెత్తాను. "ఎవరవ్వా?"

"మా వీరన్న. మా ఊరి బొడ్రాయి కాడ ఉంటుండె గదా."

ఎలా గుర్తుపట్టావని అడిగితే కుడి పై మూల చూపించింది, అక్కడ రాయి విరిగి ఉంది. "మా మామ బండి తగిలి ఇరిగింది. కొత్త కోడలుగ వచ్చినప్పుడు ఆయనే చెప్పిండు. మొదటి బోనం ఈయనకే ఎత్తిన బిడ్డా. ఒకనాడు పొద్దుగాల లేచి చూస్తే గుంత ఉన్నది, ఈయన లేడు."

గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల పని. ఇలాంటి రాయి కింద లంకెబిందెలుంటాయని వాళ్ల పిచ్చి. పెకిలించి, కింద ఏమీ లేకపోతే రాయినైనా అమ్ముకుందామని తీసుకెళ్లి ఎక్కడో దొరికిపోయి ఉంటారు. పోలీసుల దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చింది. ఊరు పేరు మధ్యలో ఎక్కడో జారిపోయింది. (ఆ పేరు నేనూ ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ గడ్డపారలు పట్టుకుని వెళ్లేవాళ్లున్నారు.)

అవ్వ సంచిలోంచి కొబ్బరికాయ తీసింది. ఆసుపత్రి నుంచి గుడికి వెళ్దామని తెచ్చుకుందట. మా అటెండర్ అన్న అడ్డం వచ్చాడు. రాళ్ల మీద నూనె, పసుపు, కొబ్బరినీళ్లు పడకూడదని ఆయనకి నేర్పింది నేనే. చివరికి గేటు గడప దగ్గర కొట్టించాం. చిటికెడు కుంకుమ మాత్రం ఆవిడ వీరన్న కాళ్ల దగ్గర పెట్టింది. అప్పుడు నేను ఫోన్ చూసుకుంటున్నాను.

సాయంత్రం ఏడో గడిలో ఊరి పేరు పెన్సిల్‌తో రాశాను. ఇంకు వాడొద్దన్నారు పెద్దసారు. ఒక్క మనిషి మాట మీద ఎలా రాస్తావు అన్నారు. ఆమాట నాకు కోపం తెప్పించింది కానీ, అదే నేనైనా చెప్పేది.

నవంబర్, మొదటి వారం

రాయి అడుగున రెండు పంక్తుల రాత ఉంది, పగలు కనిపించదు. పిండి రుద్ది చదవడం పాత అలవాటు. రుద్దితే రాయి అరుగుతుంది, పిండికి చీమలు పడతాయి. రాత్రి లైట్లన్నీ ఆపి, టార్చి నేలకి ఆనించి పక్కనుంచి వెలుగు వేశాం. అక్షరాల గాళ్లలో నీడ నిండింది. స్వస్తిశ్రీ స్పష్టంగా ఉంది. తర్వాత నాలుగైదు అక్షరాలు, ఒక బండి ర. సాయానికి వచ్చిన తెలుగు మాస్టారు అందులో ఒక రాజు పేరు చూశారు. మరుసటి రోజు ఫొటోలు చూసి ఇంకో రాజు పేరు చూశారు. నాకు ఏ రాజూ కనిపించలేదు. కొత్త లేబుల్లో రాజు ఊసు ఎత్తలేదు, మాస్టారు కొంచెం అలిగారు.

నవంబర్, మూడో వారం

ఫొటోలు తీసుకుని ఆ ఊరు వెళ్లాను. బస్సు, తర్వాత ఆటో, ఆఖర్న వరికోతల ట్రాక్టర్. గుంత ఉంది. చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం వేశారు, లోపల ప్రమిద. రాయి లేని గుంతకి ఇన్నేళ్లూ దీపం పెడుతూనే ఉన్నారు. అడుగు కొలిచి రాయి మొదలుతో పోల్చుదామని టేపు తీసుకెళ్లాను, కానీ లోపలంతా సిమెంటు చేసేశారు.

ఒకాయన పెళ్లి ఆల్బమ్ తెచ్చాడు. ఎదుర్కోలు ఫొటోలో వెనక రాయి కనిపిస్తోంది. సూర్యచంద్రులు తెలుస్తున్నారు. విరిగిన మూల ఉండాల్సిన చోట డప్పు అడ్డం వచ్చింది. పక్క పేజీలో ఇంకో ఫొటో ఉందేమోనని తిప్పాం. పక్క పేజీలో అందరూ భోజనాల దగ్గర ఉన్నారు.

అయినా సరే, ఒక అవ్వ మాట, ఒక ఫొటో, ఒక గుంత. సారుకి ఫోన్ చేశాను. "ఇంకు వాడు" అన్నారు.

బయల్దేరబోతుంటే సర్పంచ్ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. అప్పుడడిగారు: "మరి మా వీరన్నను ఎప్పుడు తెస్తరు మేడం?"

నేను వచ్చింది ఒక గడి నింపుకోవడానికి. నింపితే ఇలా అడుగుతారని తట్టలేదు. అది నా చేతుల్లో లేదు, పైవాళ్లు చెప్పాలి, ఇక్కడ పెడితే మళ్లీ ఎవరైనా ఎత్తుకుపోతారు అని ఏవేవో చెప్పాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒక పిల్లాణ్ని పంపి తెల్లకాగితం తెప్పించి అక్కడికక్కడే అర్జీ రాశారు. 17 సంతకాలు, 6 వేలిముద్రలు. మొదటి వేలిముద్ర అవ్వది, కంటికి ఆపరేషన్ పట్టీ ఇంకా ఉంది.

ఈ రోజు అర్జీకి ఇన్‌వర్డ్ నంబరు వేసి సారు టేబుల్ మీద పెట్టాను. రిజిస్టర్లో ఏడో గడి ఇంకుతో నింపాను. ఎనిమిదో గడిలో 'ఊరివాళ్లు అడుగుతున్నారు' అని రాస్తే జాగా చాలలేదు, అర్జీ జిరాక్స్ పక్కన పిన్ చేశాను. రేపు ఇనుప సామాన్ల ట్రే మొదలుపెట్టాలి, తుప్పు చాలా ఉంది.